పింకీకి ఇల్లు కావాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి, కాపాడి తెచ్చిన కుక్కకి కొత్త ఇల్లు చూడటం, అందుకే వాటినే తీసుకున్నాను. మొదటిది పెద్దది, దానికి జవాబు కూడా పెద్దదే అయింది.

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. వానాకాలంలో మార్కెట్ వెనక మురుగుకాలువ పక్కన ఒక చిన్న కుక్క వణుకుతూ పడి ఉంటే కుక్కల్ని కాపాడే కుర్రాళ్లు తెచ్చి, ఇల్లు దొరికేదాకా ఫోస్టర్‌గా ఉంచుకోమని నాకిచ్చారు. పొమేరియన్‌లా ఉంటుంది కానీ అచ్చం పొమేరియన్ కాదు, ఆరు కిలోల లోపే. మెడ చుట్టూ తాడు ఒరుసుకుపోయిన మచ్చ ఉంది, ఎడమ కంట్లో తెల్లటి పొర ఉంది. వయసు నాలుగైదేళ్లు ఉండొచ్చని డాక్టరుగారు అన్నారు. పింకీ అని పిలుస్తున్నాం. నాతో, మా పిల్లలతో చాలా బాగుంటుంది, వంటింటి గుమ్మం కూడా దాటదు, అక్కడే కూర్చుని చూస్తూ ఉంటుంది. కానీ ఇంట్లో ఎవరూ లేకపోతే ఆపకుండా అరుస్తుంది, చేతిలో కర్రో గొడుగో ఉన్న మగవాళ్లు వస్తే మంచం కింద దూరి అక్కడే ఉచ్చ పోసేస్తుంది. ఇప్పుడు మావారికి అనంతపురం ట్రాన్స్‌ఫర్ అయింది, అక్కడ కుదిరిన ఇంటి ఓనరు కుక్కల్ని ఒప్పుకోనంటున్నాడు. వాట్సాప్‌లో ఫొటో పెడితే చాలామంది అడిగారు, తీరా వచ్చి కన్ను చూసి వెళ్లిపోయారు. ఒకాయన మాత్రం ‘ఆడదే కదా, పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయించకుండా ఇస్తే ఇవాళే తీసుకెళ్తా’ అన్నాడు. మా ఆడపడుచేమో కన్ను కనపడకుండా ఫొటో తియ్యి, అరుపుల సంగతి చెప్పకు, వెళ్లాక అదే అలవాటైపోతుంది అంటోంది. మా అత్తగారు మంగళగిరి గుడి దగ్గర వదిలేస్తే ప్రసాదాలు తిని బతుకుతుంది అంటున్నారు. నాకు రాత్రుళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ ఒకాయన మాట. ఆపరేషన్ చేయించకపోతేనే కావాలన్నాడంటే పిల్లల్ని పెట్టించి అమ్ముకోవడానికే అడుగుతున్నాడని అనుకోవాలి. తెల్లగా, బొచ్చుగా, చిన్నగా ఉన్న ఆడకుక్కకి గిరాకీ ఉంటుంది. మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది కాబట్టి వచ్చిన ప్రతిసారీ దాటించి, ఒళ్లు గుల్లయ్యాక రోడ్డు మీద వదిలేసేవాళ్లు ఉన్నారు. మెడ మీద ఆ మచ్చ సంగతి చదువుతుంటే పింకీ గతం కూడా అలాంటిదేమో అనిపించింది నాకు. కాబట్టి ఆయనకే కాదు, ఎంత మంచివాళ్లు వచ్చినా సరే ఆపరేషన్ అయ్యాకే ఇవ్వండి. ‘మేం చేయించుకుంటాంలెండి’ అన్న మాట మీద ఇవ్వకండి, నూటికి నూరుపాళ్లు మంచి మనసుతోనే అంటారు, తర్వాత వాయిదా పడుతూనే ఉంటుంది.

ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. మన వేడికి, తేమకి గోమార్లు ఏడాది పొడవునా ఉంటాయి, కాలువ పక్కన దొరికిన కుక్కకి వాటితో వచ్చే జ్వరం లోపల దాగి ఉండటం మామూలే. పైకి హుషారుగా తిరుగుతుంది, తింటుంది, కానీ ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, ఆ స్థితిలో కోస్తే రక్తం ఆగడం కష్టం. ఆ గోమార్ల జ్వరం, అంటే ఎర్లీకియా, అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడిస్తారు, అది అయ్యాక డాక్టరు సరేనంటేనే ఆపరేషన్ పెట్టుకోండి. కుట్లు మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు. గర్భసంచి తీసేస్తే పెద్ద వయసులో అందులో చీము పట్టే జబ్బు బెడద కూడా తప్పుతుంది, ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో అది ఎక్కువ, మనం గుర్తించేసరికి ప్రాణం మీదకి వచ్చేస్తుంది. కన్ను కూడా అదే రోజు చూపించండి. ఆ పొర పాత దెబ్బ తాలూకు మచ్చా, శుక్లమా, నొప్పి ఉందా, చూపు ఎంతవరకు ఉంది, ముందు ముందు మందులు కావాలా అన్నది డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. మీ ఇంటికొచ్చి వెనక్కి తిరిగినవాళ్లు ఆ కన్ను బాగాలేదని వెళ్లి ఉండకపోవచ్చు, రేపు ఎన్ని వేలు పెట్టాల్సి వస్తుందో అని భయపడి ఉంటారు. మీ దగ్గర కాగితం ఉంటే ఆ భయం సగం తగ్గుతుంది.

ఇక మీ ఆడపడుచుగారి సలహా. ఆవిడ పింకీ మంచి కోరే చెప్పారు, అందులో అనుమానం లేదు, కానీ అది పింకీకే అన్యాయం చేస్తుంది. దాచి ఇచ్చారనుకోండి, తీసుకెళ్లినవాళ్లు మూడో రోజు ఆఫీసుకి వెళ్తారు, ఇది సాయంత్రం దాకా అరుస్తుంది, పక్కింటివాళ్లు తలుపు కొడతారు. అప్పుడు వాళ్లు మీకు ఫోన్ చేస్తారని మీరు అనుకుంటారు, చాలామంది చెయ్యరు. మొహమాటమో, మోసం చేశారన్న కోపమో, ఏదైతేనేం, ఊళ్లో చుట్టాలకో, తోట కాపలావాడికో, ఎవరు అడిగితే వాళ్లకి ఇచ్చేస్తారు, మూడు నెలల తర్వాత మీరు ఫోన్ చేస్తే ‘బాగానే ఉందండీ’ అన్న జవాబు వస్తుంది, అది ఎక్కడుందో మీకు తెలియదు. చేతులు మారిన ప్రతిసారీ కుక్కలో భయం ఇంకాస్త పెరుగుతుంది, భయం పెరిగిన కుక్క చివరికి కరుస్తుంది, కరిచిన కుక్కకి ఇల్లు దొరకడం దాదాపు అసాధ్యం. అందుకని దాని లోపాలన్నీ ముందే, మొదటి ఫోన్‌లోనే చెప్పెయ్యండి. ఫోన్లు తగ్గిపోతాయి, తగ్గనివ్వండి. మీకు కావలసింది ఒక్క ఇల్లు, అదంతా విన్నాక కూడా ‘చూడటానికి ఎప్పుడు రమ్మంటారు?’ అని అడిగే ఇల్లు.

నేనైతే ప్రకటన ఇలా రాస్తాను, డాక్టరు చెప్పినదాన్ని బట్టి మీరు మార్చుకోండి:

‘పింకీ. ఆడది, నాలుగైదేళ్లు, ఆరు కిలోల లోపు. ఆపరేషన్, రేబిస్ టీకా, నులిపురుగుల మందు అయ్యాయి. ఎడమ కన్ను సరిగా కనపడదు, డాక్టరు చీటీ చూపిస్తాం. ఒంటరిగా ఉండలేదు, అరుస్తుంది, కాబట్టి పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండే కుటుంబం కావాలి. కర్ర పట్టుకున్న మగవాళ్లంటే భయం, అప్పుడు మంచం కింద దూరుతుంది, చెయ్యి పెట్టి లాగకూడదు, కాసేపటికి దానంతట అదే వస్తుంది. పిల్లలతో బాగుంటుంది. వంటింటి గుమ్మం దగ్గరే కూర్చుంటుంది, లోపలికి రాదు. గుంటూరు, తెనాలి, విజయవాడ వాళ్లకే ఇస్తాం, ఇల్లు చూశాకే ఇస్తాం.’

ఫొటోలు నేల మీద కూర్చుని దాని కళ్ల ఎత్తులో తియ్యండి, పైనుంచి తీస్తే ఏ కుక్కైనా దిగులుగా కనిపిస్తుంది. కిటికీ వెలుతురు చాలు. ఆ కన్ను స్పష్టంగా కనిపించేది ఒకటి కచ్చితంగా ఉండాలి. నిజంగా ఇష్టపడుతున్నారు అనిపించినవాళ్లకి అది ఒంటరిగా ఉన్నప్పుడు అరిచే వీడియో కూడా ఒక నిమిషం పంపండి. వాట్సాప్ గ్రూపులతోనే ఆగిపోకండి, అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు పెంపుడు జంతువుల ఆస్పత్రుల్లో, కుక్కల ఆహారం అమ్మే షాపుల్లో అడిగి కాగితం అంటించండి. ఈమధ్యే ముసలి కుక్కని పోగొట్టుకుని, మళ్లీ కుక్కపిల్లని తెచ్చుకుని పరుగెత్తే ఓపిక లేనివాళ్లెవరో ఆ డాక్టర్లకే తెలుస్తుంది. పింకీకి సరిపోయేది అలాంటి ఇల్లే: రిటైరైన దంపతులో, ఇంటి దగ్గరే మిషన్ కుట్టుకునే ఆవిడో, ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసుకునే కుర్రాడో. ఇంట్లో తాతగారు చేతికర్రతో నడుస్తుంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

వచ్చినవాళ్లని ఏం అడగాలి అంటే, నేను మొదట అడిగేది సంక్రాంతి గురించి. ‘పండక్కి ఊరెళ్తే దీన్ని ఎక్కడ పెడతారు?’ అన్న ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పినవాళ్లు కుక్కని పెంచిన మనుషులని అర్థం, బిక్కమొహం వేస్తే ఇంకా ఆలోచించుకోలేదని అర్థం. ఇంతకుముందు కుక్క ఉందా, ఉంటే అది ఏమైంది అని అడగండి. ఇంట్లో వద్దనేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కూడా అడగండి, వాళ్లతో నేరుగా మాట్లాడండి. తిండి ఏం పెడతారో కనుక్కోండి, ఒట్టి పెరుగన్నంతో కుక్కకి కావలసిన మాంసకృత్తులు చాలవు, గుడ్డో, ఉప్పూ కారం లేని ఉడికించిన చికెనో ఉండాలి, శాకాహారుల ఇల్లయితే డాక్టరుని అడిగి దానికి తగ్గట్టు పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ఎండుద్రాక్ష, ఉడికించిన ఎముకలు పెట్టకూడదని, జ్వరం వస్తే మనం వేసుకునే పారాసిటమాల్ వెయ్యకూడదని ఒక కాగితం మీద రాసివ్వండి. తర్వాత వాళ్లింటికి వెళ్లండి, కాఫీ తాగి రావడానికి కాదు, గేటు కింద సందు, బాల్కనీ ఊచల మధ్య ఖాళీ చూడటానికి. ఆరు కిలోల కుక్క ఎంత ఇరుకులోంచైనా దూరేస్తుంది.

ఇచ్చే రోజు దీపావళి వారంలో పడకుండా చూసుకోండి. అది పడుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే ఇవ్వండి, మీ ఇంటి వాసనే దానికి మొదటి రాత్రి ధైర్యం. కొత్త ఇంట్లో మొదటి రోజుల్లోనే కుక్కలు ఎక్కువగా పారిపోతాయి, కాబట్టి మెడపట్టీ ఒక్కటి చాలదు, ఛాతీకి కట్టే హార్నెస్ కూడా ఉండాలి, పట్టీ మీద రెండు ఫోన్ నంబర్లు ఉండాలి, మీది, వాళ్లది. రెండు వారాలు చూసుకోమనండి, మామూలు తెల్లకాగితం మీద ‘వేరే ఎవరికీ ఇవ్వం, కుదరకపోతే తిరిగి మీకే ఇస్తాం’ అని సంతకం పెట్టించుకోండి. ఇక్కడే మీకొక చిక్కుంది, మీరు అనంతపురంలో ఉంటారు. అందుకని ఆ కుర్రాళ్లని ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడండి. పింకీని మీకిచ్చింది వాళ్లు, వెనక్కి వస్తే తీసుకోవలసింది కూడా వాళ్లే, ఆ కాగితంలో వాళ్ల పేరూ ఉండాలి. మీరు బయల్దేరేలోపు ఇల్లు దొరక్కపోతే ఇంకో ఫోస్టర్ ఇల్లు చూసే పని కూడా వాళ్లదే, ఈ మాట ఇవాళ చెబితే వాళ్లకి టైమ్ ఉంటుంది, సామాన్లు సర్దుకున్నాక చెబితే ఉండదు.

మీ అత్తగారికి కోపంగా కాకుండా ఇలా చెప్పి చూడండి. గుడి దగ్గర ఇప్పటికే కుక్కల గుంపు ఉంటుంది, ఆ చోటు వాటిది, ఒక కంటితో చూసే చిన్న కుక్క అక్కడికి వెళ్తే మొదటి రాత్రే చీల్చేస్తాయి. పైగా ఇంట్లో ఉన్న జీవాన్ని ఆకలిదప్పులకి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ కింద నేరం. ప్రసాదం మీద బతకడం అంటారా, పులిహోరా పానకమూ కుక్క తిండి కాదు.

ఈలోపు అరుపుల మీద కొంచెం పని చెయ్యొచ్చు. తాళాలు తీసుకుని, చెప్పులు వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ కూర్చోండి, అలా రోజుకి నాలుగైదుసార్లు. తర్వాత అర నిమిషం బయటకెళ్లి, అరుపు మొదలవ్వకముందే లోపలికి రండి. ఆ అర నిమిషాన్ని నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. మంచం కింద ఉచ్చ పోస్తే తిట్టకండి, అది భయంతో జరిగిపోయేది, తిడితే ఇంకా ఎక్కువవుతుంది. మీరు వెళ్లేలోపు ఇదంతా పూర్తిగా తగ్గకపోవచ్చు, ఎంతవరకు వచ్చిందో రాసిస్తే తీసుకున్నవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.

ప్రశ్న: విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో సొంత ఇల్లు. నాకు 66 ఏళ్లు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. పిల్లలు బయటి దేశంలో ఉన్నారు. పటమటలో ఒకమ్మాయి దగ్గర ఫోస్టర్‌లో ఉన్న చిన్న కుక్కని తీసుకుంటామని నేనూ మా ఆవిడా అడిగాం. ఆ అమ్మాయి ఆధార్ అడిగింది, ఇల్లంతా తిరిగి చూసింది, ‘మీకు ఒంట్లో బాగాలేకపోతే దీన్ని ఎవరు చూస్తారు? మళ్లీ బుడమేరు పొంగితే ఏం చేస్తారు?’ అని అడిగింది. మా మనవరాలి వయసున్న పిల్ల మమ్మల్ని అలా నిలదీస్తే బాధ కలిగింది. డబ్బు పెట్టి కొనుక్కుంటే ఇవేవీ అడగరు కదా?
– ఒక రిటైర్డ్ టీచర్, విజయవాడ

జవాబు: నమస్కారం మాస్టారూ. అడగరు, నిజమే. కొనేచోట ఆ కుక్క ఏమైపోయినా అమ్మినవాళ్లకి పట్టదు కాబట్టి అడగరు. మీ పై వాటా అద్దెకివ్వాల్సి వస్తే వచ్చినవాళ్లని ఉద్యోగం ఏమిటి, ఎంతమంది ఉంటారు, ఆధార్ ఉందా అని అడుగుతారు కదా, అంతకంటే ఆ అమ్మాయి ఎక్కువ అడగలేదు. వీధిలోంచి తెచ్చిన కుక్కని బతికించి ఇస్తోంది, అది మళ్లీ వీధిలోకే వెళ్లకూడదని ఆమె తాపత్రయం. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో కూడా, దత్తత తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే అని ఉంది.

బుడమేరు ప్రశ్న మీకు గుచ్చుకుంది కానీ, సింగ్‌నగర్ వాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మీ వీధులు ఎలా ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు, మేడల మీద రోజుల తరబడి మంచినీళ్లకి ఎదురుచూసిన ఇళ్లు అవి. మళ్లీ అలా పడవ ఎక్కాల్సి వస్తే చంకలో పెట్టుకుని ఎక్కగలిగేంత చిన్న కుక్కని మీరు ఎంచుకున్నారు, అది మీకు అనుకూలం. దాన్ని మోసుకెళ్లే బుట్ట ఒకటి, వారానికి సరిపడా పొడి ఆహారం పై వాటాలో పెట్టి ఉంచుతామని చెప్పండి. ఇంకొకటి, వరదనీళ్లలో ఎలకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్కకీ వస్తుంది, దాని నుంచి మనకీ రావచ్చు. కుక్కలకి వేసే కలిపిన టీకాల్లో చాలావాటిలో ఈ జబ్బుకి కూడా మందు ఉంటుంది, మీరు తీసుకునే కుక్కకి అది పడిందో లేదో టీకాల పుస్తకంలో చూసి, ఏటా వానలకి ముందే మళ్లీ వేయించండి. రేబిస్ టీకా సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆరోగ్యం గురించి అడిగింది కూడా తప్పుగా అనుకోకండి. నా దృష్టిలో మీలాంటి దంపతులు కుక్కపిల్లకి కాదు కానీ, ఏడెనిమిదేళ్లు దాటిన చిన్న కుక్కకి అందరికంటే మంచి ఇల్లు, పగలంతా మనిషి ఉంటారు, నడక నెమ్మదిగా ఉంటుంది, పెందరాళే పడుకుంటారు. చిన్న జాతి కుక్కలు పన్నెండేళ్లు, కొన్ని పద్నాలుగేళ్లు కూడా బతుకుతాయి కాబట్టి మీ తర్వాత చూసేవాళ్లు ఎవరో ఒకరుండాలి. మేనల్లుడో, పక్కింటి కుటుంబమో, ఒక్కరి చేత ఆ అమ్మాయికి ఫోన్ చేయించి ‘మేం చూసుకుంటాం’ అనిపించండి. వేసవిలో మన ఊరి ఎండకి తారురోడ్డు మీద అరచెయ్యి తిరగేసి పెట్టి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు, పొద్దున ఏడు లోపే నడక అయిపోవాలి. బొచ్చు కుక్కైతే వేడిగా ఉందని గుండు కొట్టించకండి, ఆ బొచ్చే ఎండ చర్మానికి తగలకుండా ఆపుతుంది, రోజూ దువ్వితే చాలు. ఆ అమ్మాయికి మీరే మళ్లీ ఫోన్ చెయ్యండి మాస్టారూ, అంత జాగ్రత్తగా అడిగిన పిల్ల రేపు కుక్కకి ఒంట్లో బాగాలేకపోతే అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తుతుంది.

ప్రశ్న: అన్నా, మేం ఫోస్టర్‌లో ఉన్న ఒక కుక్కని తీసుకోవడానికి ఒప్పుకున్నాం. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు మెజారిటీ తీర్మానం చేశాం, కుక్కలు కుదరవు, తెచ్చినా లిఫ్టులో ఎక్కించకూడదు అంటున్నారు. అద్దెకుంటున్నాం. ఇచ్చేవాళ్లకి ఈ విషయం చెప్పాలా?
– డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: చెప్పాలి తమ్ముడూ, ఇవాళే చెప్పు. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మెజారిటీ ఉన్నా సరే అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్టు వాడొద్దనకూడదు. ఆ కాగితం ప్రింటు తీసి, గొడవకి వచ్చినట్టు కాకుండా మర్యాదగా సెక్రటరీగారి చేతికివ్వు. అదే మార్గదర్శకాల్లో మన వంతు కూడా ఉంది: చుట్టుపక్కలవాళ్లకి ఇబ్బంది లేకుండా, ముఖ్యంగా రాత్రుళ్లు అరవకుండా చూసుకోవాలి. మెట్ల మీద, పార్కింగ్‌లో మలం కనిపిస్తే ఎత్తేది నువ్వే, బెల్టు లేకుండా కారిడార్‌లోకి వదలకూడదు. అసలు చిక్కు అసోసియేషన్‌తో కాదు, మీ ఇంటి ఓనరుతో వస్తుంది. అద్దె అగ్రిమెంటులో పెంపుడు జంతువులు ఉండొచ్చని ఒక లైను రాయించి సంతకం తీసుకో, నోటిమాట వద్దు. ఆ సంతకం అయ్యేదాకా కుక్కని ఫోస్టర్ ఇంట్లోనే ఉండనివ్వు, నువ్వు ఆదివారం ఆదివారం వెళ్లి కాసేపు దాన్ని నడిపించుకుని రా, నీ వాసన దానికి అలవాటవుతుంది.